గోడ చూడని మాస్టారు

"కళ్ళు సగం మూయండి," అన్నాడు పేర్రాజు మాస్టారు, గోడకు వీపు పెట్టి నిలబడి. "రెప్పల సందులోంచి చూడండి. చిల్లర వివరాలన్నీ పోవాలి. వెలుగెక్కడుంది, నీడెక్కడుంది, బరువెక్కడుంది, అంతే మిగలాలి. ఆఁ, అలాగ."

అయిదుగురు శిష్యులూ ఆయనకెదురుగా ఇసుకలో వరసగా నిలబడి, ఆయన భుజాల మీదుగా సముద్రపుగోడ కేసి చూస్తున్నారు. ఒక్కరి చేతిలోనూ కాగితం లేదు. చూసేచోట గీయకూడదు, గీసేచోట మాట్లాడకూడదు. అందరి కుడి మణికట్టుకూ, చేతి వణుకును పట్టే కడియం ఉంది. మాస్టారు మాత్రం గోడవైపు తల తిప్పకూడదు. గురువు చూపు ఎటు పోతే శిష్యుల చూపూ అటే పోతుందనీ, అలా గురుఛాయ పడిన బొమ్మ చెల్లదనీ, బొమ్మల సాక్ష్యం చూసే మండలి నిబంధన. పాపం, ఇన్నేళ్ళుగా ప్రతి పున్నమికీ శిష్యుల్ని తీసుకొచ్చి ఇక్కడ నిలబెడుతున్న మనిషి, ఆ గోడ ఎలా ఉంటుందో వాళ్ళ బొమ్మల్లో చూడ్డమే తప్ప కళ్ళారా చూసింది లేదు.

గోడ అవతల సముద్రం గుబగుబమంటోంది. ఈ ఏటికల్లా పెద్ద పోటు ఇవాళ సాయంత్రమే వస్తుంది. గోడ ఇవతల, ఎవర్నీ గోడ దగ్గరికి రానివ్వని ఎత్తయిన కంచె దాటితే పల్లపుపేట. ఇళ్ళ కప్పులు కూడా సముద్రమట్టానికి కిందే ఉంటాయి. గోడ బాగుందో లేదో ఈ అయిదుగురి బొమ్మలు చెబితేనే ఆ పేట జనం ఇవాళ ఇంట్లో పడుకోవడమో, మూటాముల్లే సర్దుకోవడమో తేలుతుంది.  

"రత్నం, నీకే చెప్పేది. కళ్ళు సగం."

"ఆయ్, మాస్టారండీ," అంది వరసలో చివరనున్న నూకరత్నం. ఆ పిల్లది పల్లపుపేటే. ఎడమకంటికి కురుపు లేచి రెప్ప ఎర్రగా ఉబ్బిపోయి, నీళ్ళు కారుతున్నాయి. కొంగుతో ఒత్తుకుంటూ నిలబడింది.

మాస్టారు ఈల వేశాడు. మౌననడక మొదలైంది. చూసినదాని గురించి ఒకరి మాట ఇంకొకరి చెవిన పడకూడదు కాబట్టి, గోడ నుంచి బడి దాకా ఎవరూ నోరు విప్పరు. కంచె గేటుకు ఆయన తల వంచుకుని తాళం వేస్తున్నంతసేపూ రత్నం వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉంది. దారిలో రెండుసార్లు తట్టుకుని పడబోయింది. ఏమే, ఏం చూశావే అన్న మాట మాస్టారి నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే అంతా చెడిపోతుంది. నోరు కుట్టేసుకుని నడిచాడు.

ఇంతకీ ఈ బొమ్మల గొడవేమిటంటే, ఫొటోలకీ వీడియోలకీ విలువ పోయి చాలా కాలమైంది. ఎవడు కావాలంటే వాడు, ఏది కావాలంటే అది, కళ్ళకు కట్టినట్టు పుట్టించేస్తున్నాడు. దొంగవరద వచ్చింది అలాగే. ఎవడో పనీపాటా లేనివాడు గోడ కూలుతున్న వీడియో ఒకటి పుట్టించి ఊరి మీదికి వదిలాడు. పల్లపుపేట మొత్తం ఒక్కసారిగా వంతెన మీదికి పరుగెత్తింది. గోడ కూలలేదు, చుక్క నీరు రాలేదు, మనుషులు మాత్రం ఒకరి కాళ్ళ కింద ఒకరు పడి నలిగిపోయారు. మాస్టారి తమ్ముడు సోమేశం ఆ తొక్కిసలాటలోనే పోయాడు. అప్పటినుంచీ చేతిబొమ్మకే సాక్ష్యం విలువ. శిక్షణ పొందిన చూపరి కళ్ళారా చూసి, కడియం వేసుకున్న చేత్తో గీసి, అది తూకపుబల్ల అనే యంత్రం మీద తూగితేనే ఆ సంగతి జరిగినట్టు. కోర్టుకైనా అంతే, సముద్రానికైనా అంతే. తూగని మాట పట్టుకుని ప్రమాదం, ప్రమాదం అని ఎవరైనా అరిస్తే తిన్నగా జైలుకే. సోమేశాన్ని పోగొట్టుకున్న మాస్టారికి ఆ చట్టం మీద ఏ రోజూ కోపం రాలేదు.

బడిలో ఎవరి గూట్లో వాళ్ళు కూర్చుని తెరలు లాగేసుకున్నారు. మాస్టారు తెరల వెనకాల పచార్లు చేశాడు. చింతబొగ్గు చప్పుడును బట్టి ఎవరేం గీస్తున్నారో ఆయన చెప్పగలడు. నాలుగు గూళ్ళలోంచి సర్రు సర్రుమని వెడల్పాటి నీడలు పరుస్తున్న చప్పుడు. అయిదో గూట్లో మాత్రం బొగ్గు మొనతో సన్నగా గీకుతున్న చప్పుడు. ఆగుతుంది, మళ్ళీ గీకుతుంది. గోడమీద అంత సన్నటిది ఏముంటుంది? ఆయన ఆ తెర దగ్గరే ఆగిపోయాడు.  

బొమ్మలు అయిదూ బల్లమీద పరిచాడు. బల్ల కడియాల వణుకునీ బొగ్గు గీతల్నీ, ఒక బొమ్మను ఇంకో బొమ్మతోనూ కాసేపు సరిచూసుకుంది. నాలుగు బొమ్మల కింద పచ్చదీపం వెలిగింది. రత్నం బొమ్మ కింద ఎర్రదీపం.

"నాలుగు తూగాయి. గోడ పదిలం. అయిదోది కల్పన. గురువు వేలిముద్ర కావాలి," అంది బల్ల.

 రత్నం గీసిన గోడమీద, మూడో దిమ్మ పక్క నీడలో, పైనుంచి కిందిదాకా సన్నటి పగులు ఉంది.

తూకం అయ్యాక మాట్లాడొచ్చు. తెరలు తొలగాయి.

"ఉందండి మాస్టారండీ!" అంది రత్నం, ఏడుపు గొంతుతో. "మా అమ్మతోడండి, ఉంది. దిమ్మ పక్కనే, నీడలో. చెమ్మ కూడా కనపడిందండి."

"అక్కడ నీడే ఉంది మాస్టారూ," అంది హైమ. బడిలో అందరికన్నా మంచి చేయి ఆ పిల్లది, అబద్ధం ఆడే పిల్ల కాదు. "పగులూ లేదు, పాడూ లేదు. ఒట్టి నీడ."

"నాకూ నీడే కనపడింది," అన్నాడు సులేమాన్, రత్నం మొహం చూడలేక నేల చూస్తూ. మిగతా ఇద్దరూ అవునన్నట్టు తలూపారు.

ఇప్పుడు మాస్టారు బొటనవేలు ఆనిస్తే చాలు. ఊళ్ళో ప్రతి ఫోనులోనూ గోడ పదిలం అని వస్తుంది. రత్నం కడియం కోసేస్తారు, ఆ పిల్ల కంటికి ఇక ఈ జన్మలో సాక్ష్యం విలువ ఉండదు. ఆ పగులు కాస్తా నిజమైతే సాయంత్రానికి పల్లపుపేటే ఉండదు. ఆనించకపోతే, అబద్ధమని తేలితే, మళ్ళీ ఆ వంతెన, ఆ తొక్కిసలాట. దేవుడా, ఎటు చూసినా గొయ్యే.

"నీ కంటికి కురుపుంది కదే. కన్ను మసకబారి భ్రమ పడ్డావేమో," అన్నాడు, అదే నిజం కాకూడదా అని లోపల మొక్కుకుంటూ.

"కురుపు ఎడమ కంటికండి. కుడికన్ను బానే ఉందండి." రత్నం కొంగుతో కన్ను మళ్ళీ ఒత్తుకుంది. "మాస్టారండీ, ఒకటి చెబుతాను, తిట్టొద్దు. మీరు కళ్ళు సగం మూయమన్నారు కదండీ. మూస్తే కురుపు సలుపుతోందండి. అందుకని మూయలేదు. కళ్ళు బార్లా తెరిచే చూశాను."

 మాస్టారు రత్నం బొమ్మ తీసి బడి గోడకు ఆనించి, నాలుగడుగులు వెనక్కి వేశాడు. కళ్ళు సగం మూశాడు. దిమ్మ ఉంది, నీడ ఉంది, పగులు లేదు. పూర్తిగా తెరిచాడు. పగులు ఉంది. మళ్ళీ మూశాడు. నల్లటి నీడలో నల్లటి గీత ఉప్పు నీళ్ళలో కరిగినట్టు కరిగిపోయింది.

అక్కడే పీట లాక్కుని కూర్చున్నాడు. చిల్లర వివరాలన్నీ పోవాలి. ఆ ముక్క చెప్పింది తనే. ఈ నలుగురూ అబద్ధమాడలేదు, చెప్పినట్టల్లా విన్నారు. మాట వినకుండా చూసింది ఒక్క రత్నమే, అదీ కురుపు పుణ్యమా అని. డ్రాయింగ్ మాస్టారన్నవాడు ఎవడైనా మొదటి రోజు చెప్పే పాఠమే అది. ఆయనకు ఆయన గురువు చెప్పాడు, ఆ గురువుకు ఇంకో గురువు చెప్పుంటాడు. చక్కటి బొమ్మకు అది చాలా మంచి పాఠమే. గోడకు పనికొచ్చే పాఠమా కాదా అని ఒక్క వెధవా ఆలోచించలేదు, తనతో సహా.

వేలిముద్ర ఆలస్యమయ్యేసరికి ఫోను మోగింది. మండలి తూనికాధికారి చాముండేశ్వరి. మాస్టారు జరిగిందంతా చెప్పాడు. 

"మాస్టారూ, నా మాట వినండి," అంది ఆవిడ. "బల్లకు కారణం కింద శిష్యురాలి అనారోగ్యం అని చెప్పండి. ఆ అమ్మాయి బొమ్మ పక్కకి పోతుంది, కడియం కోయరు. మిగిలిన నాలుగూ తూగినట్టే. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు."

"గోడకో?"

"పక్క ఊరి బడి నుంచి ఇంకో బృందాన్ని పంపిస్తాను."

"వాళ్ళ మాస్టారు మాత్రం ఏం చెప్పుంటాడమ్మా? కళ్ళు సగం మూయమనే కదా! గురుఛాయ పడిందని చెప్పేస్తాను. పడింది కాబట్టి."

"అయ్యో, ఆ మాటనకండి!" చాముండేశ్వరి అడ్డుపడింది. "గురుఛాయ అని మీ నోటితో అన్నారంటే మీ శిష్యులు ఇన్నాళ్ళూ వేసిన బొమ్మలన్నీ చెల్లకుండా పోతాయి. ఏ పాఠం అని బల్ల అడుగుతుంది. చెప్పారంటే, ఆ పాఠం చెప్పిన ప్రతి బడినీ వెతుక్కుంటూ పోతుంది. అది చెప్పని బడి రాష్ట్రంలో ఒక్కటి ఉందా? ఆ బొమ్మల మీద ఎన్ని తీర్పులు నిలబడి ఉన్నాయో తెలుసా? జైల్లో ఉన్నవాళ్ళు ఎంతమందో తెలుసా? మళ్ళీ ఎవరు దేన్ని నమ్మాలి మాస్టారూ? మీ తమ్ముణ్ణి గుర్తు తెచ్చుకోండి."

గుర్తు తేవాలా! పొద్దున్నించీ వాడే కళ్ళముందు తిరుగుతున్నాడు.  పిల్లలు అయిదుగురూ ఆయన్నే చూస్తున్నారు. హైమ కళ్ళలో నీళ్ళు. "నేను సరిగ్గానే చూశాను కదా మాస్టారూ?" అంది చిన్నగా. 

"నువ్వు సరిగ్గానే చూశావమ్మా. నేను చెప్పిందే తప్పు," అన్నాడు. బల్ల దగ్గరికి వెళ్ళి, రెండు చేతులూ దానిమీద ఆనించి, ఎక్కడ మనసు మారిపోతుందో అని గబగబా చెప్పేశాడు. "గురుఛాయ. పాఠం: కళ్ళు సగం మూసి చూడటం."

పచ్చదీపాలు ఆరాయి. ఎర్రదీపం ఆరింది. బల్ల ఆగిపోయింది. ఫోనులో అవతల ఎవరో అరుస్తున్నారు, పక్క జిల్లా బల్ల ఆగిందని, కోర్టు బల్ల ఆగిందని. "ఎంత పని చేశారు మాస్టారూ!" అంది చాముండేశ్వరి. అందులో కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది.

గోడ పదిలం అని రావలసిన చోట ఊళ్ళో ఫోనులన్నిట్లో తూకం లేదు అని వచ్చింది. అలాంటి మాట ఎవరూ ఎప్పుడూ చూడలేదు. కాసేపట్లో పల్లపుపేట పల్లపుపేటంతా బడి ముందుకొచ్చి పడింది. ఒకటే గోల. ముందు నిలబడ్డ చేపల అచ్చియ్యమ్మ నడుం మీద చేతులేసుకుని నిలేసింది.

"ఏటయ్యా మాస్టారూ, గోడ బాగుందా లేదా? ఆ ఒక్క ముక్కా చెప్పవేటి?"

"నాకు తెలీదమ్మా. ఆ గోడ నేనెప్పుడూ చూళ్ళేదు."

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ!" అంది అచ్చియ్యమ్మ తెల్లబోయి. వెనకాల ఎవరో వంతెన అన్నారు. గుంపు అటు కదలబోయింది.  మాస్టారు ఒక్క ఉదుటున ముందుకొచ్చి చేతులు చాచాడు.

"వంతెన తర్వాత! ముందు గోడ దగ్గరికి పదండి. నేను చెప్పేది నమ్మొద్దు, ఈ పిల్ల చెప్పేదీ నమ్మొద్దు. మీరే చూడండి. ఎవరూ నన్ను దాటి పోకండి, నెమ్మదిగా నా వెనకాలే రండి!"

అరుపు కాదది, బతిమాలుకోవడం. అందుకేనేమో విన్నారు. ఆయన ముందు, పక్కన రత్నం, వెనకాల మిగతా నలుగురు శిష్యులూ, ఆ వెనక పేట. ఆయన కావాలనే ముసలి నడక నడిచాడు. వెనక ఎవరి అడుగు వేగం పెరిగినా ఆయన ఆగి వెనక్కి చూసేవాడు. కంచె గేటు తాళంచెవి రెండుసార్లు చేజారింది. సులేమాన్ అందుకుని తీశాడు.

మాస్టారు జీవితంలో మొదటిసారి గోడకు ఎదురుగా నిలబడ్డాడు. మూడో దిమ్మ పక్కన, నీడలో, పైనుంచి కిందిదాకా పగులు. గీసిన బొమ్మలో ఉన్నట్టే ఉంది, కాకపోతే ఇది తడిగా ఉంది.  అవతల సముద్రం మోగినప్పుడల్లా పగుల్లోంచి సన్నగా నీరు ఊరుతోంది. హైమ రత్నం చెయ్యి పట్టుకుంది.

అచ్చియ్యమ్మ ముందుకెళ్ళి పగుల్లో వేలుపెట్టి గోకింది. గోరునిండా పచ్చటి నాచు వచ్చింది. ఆవిడ దాన్ని నలిపి చూసుకుంది, వాసన చూసింది.

"ఇది ఇయ్యాల్టిది కాదయ్యా," అంది మెల్లిగా. "ఇంత మందాన నాచు కట్టాలంటే ఓ వానాకాలం దాటుండాల."

మాస్టారు తన కుడిచేతి బొటనవేలు కేసి చూసుకున్నాడు. వానాకాలం అంతా ప్రతి పున్నమికీ ఆ వేలే గోడ పదిలమని చెప్పింది. 

"మాస్టారూ!" ఇంకా ఆపని ఫోనులోంచి చాముండేశ్వరి పిలుస్తోంది. "ఏముందక్కడ? తూకం లేకుండా పేట ఖాళీ చేయించమని నేను ఆజ్ఞ ఇవ్వలేను. మీకు దండం పెడతాను, ఏదో ఒకటి చెప్పండి. జనానికి నేనేం చెప్పను?"

మాస్టారు వెనక్కి తిరిగాడు. జనం అప్పటికే వంతెన వైపు కదిలారు. ఒకడు ముసలితండ్రిని వీపున ఎత్తుకున్నాడు. ఆడవాళ్ళు పక్కింటి పిల్లల్ని కూడా కలుపుకుని చేతులు పట్టుకుని నడిపిస్తున్నారు. అచ్చియ్యమ్మ గోరు చూపిస్తూ, వెనకవాళ్ళకు దారిస్తూ, నెట్టుకోకండర్రా అని కేకలేస్తోంది. ఒక్కరూ పరుగెత్తడం లేదు.

"ఏమీ చెప్పక్కర్లేదమ్మా," అన్నాడు. "వాళ్ళు చూసేశారు."