ఆపరేషన్ ఎండుతెగులు

ఏజెంట్ సురేష్‌కి శత్రుదేశాల మీద పెద్దగా కోపం లేదు. ఉన్న కోపమంతా ఏజెంట్ గోపీనాథ్ మీదే. ఇద్దరిదీ ఒకే బ్యాచ్. గోపీనాథ్‌కి డిపార్ట్‌మెంట్ కారిచ్చింది. సురేష్‌కి స్కూటీ. అదీ చీఫ్ గారమ్మాయి వాడి వదిలేసింది.

"టార్గెట్ ఒక టెస్ట్‌ట్యూబు," గవర్నర్‌పేట ఆఫీసులో బ్రీఫింగ్ మొదలుపెట్టింది చీఫ్ బాలాత్రిపురసుందరి. "అందులో ఉన్నది మట్టిలో బతికే మంచి బ్యాక్టీరియా. టమాటా వేళ్లకి పట్టిస్తే ఎండుతెగులు ఫంగస్‌ని దగ్గరికి రానివ్వదు. ఫంగస్ మందులమ్ముకునే విదేశీ ముఠాకి అది నచ్చలేదు. అలాంటి ట్యూబులోనే తెగులు పోసి మార్చేయాలని ప్లాను. పన్నెండింటికి వన్‌టౌన్ బట్టల షాపులో సైంటిస్ట్ శాంభవి ట్యూబు అందిస్తుంది. పావుగంటలో నర్సరీ వ్యాన్ బయల్దేరాలి. దొంగ ట్యూబు వెళ్లిందా, రెండు లక్షల నారుమొక్కలు పోయినట్టే. గోపీనాథ్ గారూ, ట్యూబు మీరు తీసుకోండి."

"మరి నేనండీ?"

"మీరు సేల్స్‌మన్ వేషం. చీరలు మడతపెట్టండి."

పన్నెండింటికి గోపీనాథ్ కౌంటర్ దగ్గరున్న శాంభవికి కోడ్ చెప్పాడు. "రంగు పోని వాయిల్ చీర ఉందా?"

"ఉతికితే తెలుస్తుందండీ," అంటూ శాంభవి టిఫిన్ బాక్సులోంచి ట్యూబు తీసిచ్చింది.

పక్కనే పెళ్లిచీరలు చూస్తున్న కీర్తన నవ్వింది. ముఠాలో చేరి డిపార్ట్‌మెంట్‌కి కబుర్లు చేరవేసే అమ్మాయి. అందగత్తె. "గోపీగారూ, ఇది నాకెలా ఉంటుందంటారు?"

"మీకేదైనా బాగుంటుందండీ." గోపీనాథ్ ట్యూబు కౌంటర్ మీద పెట్టి కొంగు పట్టుకు చూశాడు.

సురేష్ చీరలు మడతపెట్టడం ఆపేశాడు. డ్యూటీ మర్చిపోయి, ఆమె వాణ్ని చూసి ఎన్నిసార్లు నవ్విందో లెక్కపెట్టసాగాడు. నాలుగో నవ్వు దగ్గర, ఆమె చెయ్యి ట్యూబు మీదుగా హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లడం అందుకే కంటపడింది.

"మార్చేసింది!" ఎగిరి చెయ్యి పట్టుకున్నాడు. పెనుగులాటలో రెండు ట్యూబులూ చీరల గుట్ట మీద దొర్లాయి. రెండూ ఒకేలా ఉన్నాయి. బయట వ్యాన్ హారన్ కొడుతోంది.

"ఏది ఏదో చెప్పుకోండి చూద్దాం!" కీర్తన విదిలించుకుని గుమ్మం వైపు పరుగెత్తింది.

షాపు ఓనరు వీరభద్రయ్య షట్టర్ కిందికి లాగేశాడు. ఆయనకి గూఢచర్యం తెలీదు. "అరవై చీరలు విప్పించి, ఒక్కటీ తీసుకోకుండా ఎక్కడికమ్మా?"

చీకట్లో శాంభవి అరిచింది. "దొంగనోట్లు చూసే లైటుందా బాబాయిగారూ? మన బ్యాక్టీరియా దాని కింద మెరుస్తుంది!"

సురేష్ గల్లాపెట్టె మీది లైటు లాక్కుని వేశాడు. ఒక ట్యూబు నల్లగా ఉండిపోయింది. రెండోది పచ్చగా వెలిగింది. షట్టర్ సందులోంచి దాన్ని వ్యాన్ డ్రైవర్‌కి అందించేసరికి పన్నెండూ పద్నాలుగు.

సాయంత్రం చీఫ్ చెప్పింది. "గోపీనాథ్‌ని సస్పెండ్ చేశాం. ఆర్నెల్లు ఇంట్లోనే."

సురేష్‌కి ప్రాణం లేచొచ్చింది. "జీతం లేకుండానే కదండీ?"

"రూల్ ప్రకారం సగం ఇవ్వాలి."

"పనేం చెయ్యకుండానా?"

"చెయ్యకుండానే."

సురేష్ మొహం మాడిపోయింది. "మేడమ్, నిజం చెప్పాలంటే ఆ టైములో నా దృష్టి కూడా డ్యూటీ మీద లేదండీ. నన్నూ సస్పెండ్ చేసెయ్యండి."