ఆపరేషన్ బుధవారం భోజనం

"టార్గెట్ విజయపురి సౌత్. టైమ్ ముప్పై మూడు గంటలు."

1986. నరసరావుపేటలో పత్తి గోడౌన్ వెనక గది. బాస్కెట్‌బాల్ క్లబ్ ప్రెసిడెంట్ నరసింహారావు తలుపు గడియ పెట్టి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. ఎదురుగా ఏజెంట్ నైన్. ఒకటి నుంచి ఎనిమిది దాకా ఏజెంట్లెవరూ లేరు. క్లబ్‌కున్న గూఢచారి సైకిల్ షాపు మౌలాలీ ఒక్కడే.

"పొలాలకి సీలింగ్ పెట్టారు, సరే. ఇప్పుడు ఆటగాళ్లకీ పెట్టింది టోర్నమెంట్ కమిటీ. ఫీజు, బస, భోజనం అన్నీ కలిపి జట్టుకి రెండు వేలు. పైసా దాటితే అవుట్. గుంటూరు నుంచి తెచ్చిన మన ఇద్దరు స్టార్లకి ఇచ్చేసరికే అంతా అయిపోయింది. మరి ఆ విజయపురి సాగర్ వాళ్లు పదిమందిని పెట్టుకుని మన మీద ఫైనల్‌కి ఎట్టా వచ్చార్రా?"

"దొంగ డబ్బా సార్?"

"అదే నువ్వు పట్టాలి. రేపు నాలుగింటికి విజిల్. అంతకు ముందే ప్రూఫ్ నా చేతిలో ఉండాలి."

మధ్యాహ్నానికి సాగర్ బస్సులోంచి గడ్డం అతికించుకున్న ఒక స్టవ్ మెకానిక్ దిగాడు. టూల్ బాక్సు అడుగున టేప్ రికార్డర్. బస్టాండ్‌లో నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, చుట్టుపక్కల మగవాళ్లంతా తననే చూస్తున్నా ఎవరినీ చూడకుండా సయీదా నిలబడి ఉంది. నిరుడు పేటలో టైపు నేర్పేది. ఇప్పుడు ఇక్కడ నేర్పుతూ, నెలనెలా క్లబ్‌కి కబుర్లు చేరవేస్తోంది.

"పత్తి తడిసిందా?" అన్నాడు మౌలాలీ.

"ఎండలో ఆరేశాం. కాలవ నీళ్లు చూసే లస్కరు ఇంటికి పో భాయ్. కోటమ్మ గారిల్లు. సరిగ్గా ఒంటిగంటకి."

కోటమ్మ స్టవ్ ముందు కూర్చుని మౌలాలీ రికార్డర్ నొక్కాడు. స్టవ్ మొత్తం విప్పేశాడు. తిరిగి బిగించడం అతనికి రాదు.

"ఎప్పుడు తిన్నావో ఏమో. కాళ్లు కడుక్కో, వడ్డిస్తా" అంది కోటమ్మ.

"ఎవరికోసమో వండినట్టున్నారు?"

"బుధవారం మా త్రికోటిది. బంతాట ఆడే పిల్లోళ్లకి కాలనీలో వారాలు పెట్టుకున్నాం. రోజుకో ఇల్లు. వాళ్లకి జీతమేందీ, పాడేందీ! ముందు నువ్వు తిను."

ప్రూఫ్ దొరికింది. భోజనం లెక్కలో రాయలేదన్నమాట! మౌలాలీ హుషారుగా గోంగూర పచ్చడి కలుపుకున్నాడు. సగం తిన్నాక గుమ్మంలో పొడుగాటి నీడ పడింది.

త్రికోటేశ్వరరావు.

మౌలాలీ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆ ఇద్దరు స్టార్లకి చోటు చెయ్యడానికి నిరుడు పేట జట్టు తీసేసింది ఇతన్నే. జనం గొడవ చెయ్యకుండా "మోకాలు పోయింది, ఇక పనికిరాడు" అని రిపోర్టు పుట్టించారు. ఆ రిపోర్టు రాసింది మౌలాలీయే. మోకాలికి ఏమీ కాలేదని అతనికి అప్పుడూ తెలుసు.

త్రికోటేశ్వరరావు కంచాన్నీ, ఖాళీ అయిన గిన్నెనీ, గడ్డాన్నీ చూశాడు.

"నేను బయట తినే వచ్చా పిన్నీ. ఆయన్ని తిననీ."

అతని మొహం చూస్తే పొద్దున్నుంచీ ఏమీ తినలేదని తెలుస్తూనే ఉంది. చేతులు కడుక్కునే చోట చెంబుతో నీళ్లు పోస్తూ మెల్లగా అన్నాడు: "మోకాలు బాగానే ఉందన్నా."

మౌలాలీకి తలెత్తే ధైర్యం చాలలేదు.

బస్టాండ్‌లో సయీదా కళ్లద్దాలు తీసింది. "ఆ రిపోర్టు టైపు చేసింది నేనే భాయ్. నెల తిరక్కుండా ఇక్కడి కోచ్ బ్రహ్మయ్య సారుకి చెప్పా. మీరు పనికిరాడన్న ప్రతివోణ్ణీ ఆయన తెచ్చుకున్నాడు. మీ డబ్బులు ఇద్దరికి, వాళ్ల అన్నం అందరికీ. అంతే వాళ్ల రహస్యం."

"నువ్వు ఎవరి మనిషివి?"

"నువ్వు తిన్నది ఎవరి అన్నం?"

మౌలాలీ బస్సెక్కాడు.

గురువారం, మూడూ యాభై అయిదు. కమిటీ టేబుల్ మీద టేపు తిరుగుతోంది. "బుధవారం మా త్రికోటిది..."

"చాలు! సాగర్ అవుట్!" అని నరసింహారావు స్టాప్ బటన్ మీదికి చెయ్యి చాపాడు. మౌలాలీ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆపొద్దు సార్. చివరిదాకా విననీండి."

"నేను బయట తినే వచ్చా పిన్నీ" అంది టేపు.

"ఆ అన్నం తిన్నది నేను. వాడు పస్తున్నాడు" అన్నాడు మౌలాలీ, అందరికీ వినపడేట్టు. "నిరుడు వాడి మోకాలు పోయిందని రాసిందీ నేనే. అబద్ధం రాశా."

కమిటీ చైర్మన్ పేట జట్టు లెక్కల కాగితం తిప్పాడు. "మిగతా వారాల సంగతి ఆట అయ్యాక విచారిద్దాం. ముందు ఇది చూడండి. మీ ఖర్చు సరిగ్గా రెండు వేలు. ఈ భోజనం చేసింది మీ మనిషి. దీన్ని ఎందులో రాయమంటారు నరసింహారావు గారూ?"

నరసింహారావు కంప్లయింట్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. విజిల్ మోగింది. త్రికోటేశ్వరరావు కోర్టులోకి పరుగెత్తాడు. మౌలాలీ ఆ ఆట చూడలేక బయటికొచ్చేశాడు.

శుక్రవారం గడ్డం లేకుండా కోటమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు. చేతిలో కొత్త వాషరూ, వెంట నిజమైన మెకానిక్కూ.

ఆమె స్టవ్ ముక్కల మూట తెచ్చి ముందు పెట్టింది.

"అంతా తెలిసిందిలే. ఆకలైతే ఏ రోజన్నా రా" అంది. "బుధవారం మాత్రం రామాకయ్యా."