నాంచారమ్మ నిద్రపోవాలి

"డ్రైవరు అలసిపోయాడు. నాలుగు గంటలు విశ్రాంతి," అంది స్టీరింగు పక్కనున్న పెట్టె.

పున్నారావు ఉలిక్కిపడ్డాడు. ఉదయం తొమ్మిదయింది, ఇంకా వైరా దాటలేదు. నిన్న మధ్యాహ్నం నుంచి ఒళ్ళెరగకుండా పడుకుని లేచిన మనిషి అతను. పెట్టెకు ఆ సంగతి పట్టలేదు. లారీ తనంతట తానే వేగం తగ్గించుకుంది. పక్క లైట్లు వెలిగించుకుంటూ విశ్రాంతి యార్డులోకి మెల్లగా దూరి, నీడ చూసుకుని ఆగి, ఇంజనుకు తాళం వేసుకుంది.

"నాకా అలసట? నీ మొహం!" అని పెట్టె మీద ఒక్కటి చరిచాడు.

వెనక రెండు లక్షల చేపపిల్లలున్నాయి. కైకలూరులో తెల్లవారి అయిదింటికి ప్లాస్టిక్ సంచుల్లో నీళ్ళు పోసి, పిల్లల్ని వదిలి, ఆక్సిజన్ నింపి మూతులు బిగించారు. ఆ ఊపిరి సాయంత్రం ఆరింటి వరకే. ఈలోగా ములుగు అవతల చెరువులో వదలాలి. ఇక్కణ్ణించి నాలుగు గంటల దారి. ఒంటిగంటకు తాళం తెరుచుకుంటే అందుతాడు. పెట్టె ఇంకో నాలుగు గంటలంటే మాత్రం సంచులు విప్పేసరికి అన్నీ వెల్లకిలా తేలుతాయి.

పక్క లారీ మస్తాన్ టీ గ్లాసుతో వచ్చాడు. "ఏందన్నా, పొద్దున్నే నిద్రపోతున్నావా?"

"నిద్ర నాకు కాదు, ఈ పెట్టెకు పట్టింది."

ఈ పెట్టెలు వచ్చి రెండేళ్ళయింది, పున్నారావు బండికి మాత్రం పోయిన వారమే బిగించారు. అలసట కళ్ళలో కంటే ముందు గొంతులో కనబడుతుందని కనిపెట్టి వీటిని తయారు చేసింది డాక్టర్ హైమవతి. మొహం కడుక్కుని, టీ తాగి, కళ్ళు ఇంతింత చేసుకుని మనిషి ఎవర్నయినా నమ్మించగలడు. గొంతు మాత్రం దాయలేదు. అలసిన మనిషికి మాటకూ మాటకూ మధ్య ఖాళీ రవ్వంత పెరుగుతుంది, మాట చివర కిందికి జారుతుంది. మన చెవికి అందని ఆ తేడా పెట్టెకు అందుతుంది. కేబిన్లో వినిపించే మాటల్లోంచి డ్రైవరు గొంతును ఏరుకుని అది తూకం వేస్తుంది. నాలుగు గంటలయ్యాక అదే గొంతు మళ్ళీ పలకాలి, తేటగా ఉంటేనే తాళం తీస్తుంది. పెట్టెలొచ్చాక ఈ రోడ్డు మీద కునికిపాట్లతో పోయిన ప్రాణం ఒక్కటీ లేదు. డ్రైవర్లు పైకి తిట్టుకున్నా లోపల దండం పెట్టుకుంటారు.

పెట్టె మీదున్న నంబరుకు పున్నారావు ఫోన్ చేస్తే హైమవతే ఎత్తింది.

"మీ గొంతు నమోదు చేసిన రోజు గంటసేపు మాట్లాడించారు కదండీ. అది వినిపిస్తాను, ఉండండి," అంది.

ఫోన్లోంచి వచ్చింది: "లేతదనుకుని కోశానయ్యా ఆ సొరకాయ. లోపలంతా గింజలే! ఇంతకీ వింటున్నావా?" "ఊఁ."

మస్తాన్ నోట్లో టీ బయటికొచ్చేసింది. "వదిన గొంతన్నా అది!"

పున్నారావుకు అప్పుడు గుర్తొచ్చింది. రోడ్డు మీద ఎట్లా మాట్లాడతావో అట్లాగే మాట్లాడమన్నాడు నమోదు చేసే కుర్రాడు. ఆ ప్రకారమే భార్య నాంచారమ్మకు ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, గంటసేపు ఊఁ కొట్టాడు. ఎక్కువ మాట్లాడినవాళ్ళే డ్రైవరని పెట్టె రాసేసుకుంది.

"అంటే ఇప్పుడు అలసిపోయింది..."

"మీ ఆవిడ," అంది హైమవతి.

"మేడమ్, మీరే తాళం తీసేయండి."

"నా చేతిలో లేదు పున్నారావుగారూ. యజమానులు నా మీద ఒత్తిడి తెస్తారని, నాకు కూడా అందకుండా నేనే చేశాను. ఆవిణ్ణి పడుకోబెట్టండి. వేరే దారి లేదు."

ఫోన్ తీస్తూనే నాంచారమ్మ అంది, "ఏమయ్యా, చేపలు బాగున్నాయా?"

"చేపల సంగతి వదిలెయ్. నువ్వు పడుకో."

సంగతి విని ఆవిడ ఇంతెత్తున లేచింది. "నన్నడక్కుండా నా గొంతు ఎవడు రాసుకోమన్నాడు? నువ్వు రోడ్డు మీదుంటే నాకు నిద్రెట్లా పడుతుంది? ఇరవై ఆరేళ్ళలో ఎప్పుడన్నా పట్టిందా?"

పున్నారావు వెనక్కి లెక్కవేసుకున్నాడు. ఇంట్లో తను గుర్రుపెట్టి నిద్రపోయేప్పుడు ఆవిడ వంటలో ఉంటుంది. తను బండెక్కితే ఫోన్లో ఉంటుంది. ఆవిడ పడుకోగా చూసి ఎన్నాళ్ళయిందో లెక్క తేలలేదు.

పదింటికి చేస్తే మెలకువగానే ఉంది. పదిన్నరకీ అంతే. "కళ్ళు మూసుకుంటే ఏదో ఒకటి మర్చిపోతానేమోనని బెదురయ్యా. ఈమధ్య అన్నీ మర్చిపోతున్నాను. అందుకేగా ఏదున్నా నీకు చెప్పేసుకుంటాను, నా దగ్గర పోయినా నీ దగ్గరుంటుందని. నువ్వు చూస్తే ఊఁ అంటావు. అసలు వింటావో లేదో."

పున్నారావు అడ్డుపడ్డాడు. "గోంగూర విత్తనాలు ఎక్కడ పెట్టావు?"

"అదే కదా! నెల నుంచీ వెతుకుతున్నాను."

"కుంకుడుకాయల డబ్బాలో. పోయిన శ్రావణంలో నేను ఏలూరు దాటుతుంటే చెప్పావు. మీ పెద్దక్క కోడలు ఇచ్చిందన్నావు. ఆ పిల్లకు ఎడమచెయ్యి వాటం, ముగ్గు కూడా ఆ చేత్తోనే వేస్తుందన్నావు."

అవతల డబ్బా మూత తీసిన చప్పుడైంది.

"విన్నావా అయితే?"

"నువ్వు నడుం వాల్చు. ఇవాళ నేను చెబుతాను, నువ్వు ఊఁ కొట్టు."

యార్డులోని నులకమంచం మీద కూర్చుని పున్నారావు చెప్పసాగాడు. నాంచారమ్మ ఇరవై ఆరేళ్ళుగా తనకు చెప్పినవన్నీ ఆవిడకే తిరిగి చెప్పాడు. దూడకు పేరు పెట్టలేక మూడు రోజులు తగువులాడుకోవడం. రైల్వేగేటు దగ్గర చెప్పు తెగితే ఆ ఒక్కటీ చేత్తో పట్టుకుని పెళ్ళికి వెళ్ళడం. "ఊఁ," అంది ఆవిడ. కాసేపటికి "ఊఁ". తర్వాతి ఊఁకు చాలా ఆలస్యమైంది. ఆ తర్వాత ఊపిరి ఒక్కటే వినిపించింది.

అతను ఫోన్ పెట్టెయ్యలేదు. యార్డులోకి వచ్చిన సిమెంటు లారీ హారన్ కొట్టబోతే మస్తాన్ అడ్డంగా పరిగెత్తాడు. "ఒరేయ్, వదిన పడుకుంది!" డ్రైవర్లందరూ గుసగుసలతోనే అన్నాలు తిన్నారు.

ఒంటిగంటకు నాంచారమ్మ లేస్తే, పున్నారావు ఫోన్ స్పీకరు పెట్టి పెట్టె ముందు పట్టాడు. ఆవిడ పెట్టెను నోరారా తిట్టింది. తిట్టు తేటగా ఉంది. తాళం తెరుచుకుంది. అయిదుంబావుకు సంచులు విప్పితే చేపపిల్లలు బిలబిలమని చెరువులోకి దూకాయి.

మరుసటి ఆదివారం హైమవతి పెట్టెను సరిచేయడానికి స్వయంగా కైకలూరులో పున్నారావు ఇంటికి వచ్చింది. పాత గొంతు చెరిపేసి, పున్నారావును కేబిన్లో ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "ఈసారి మీరే మాట్లాడాలి," అంది. విశ్రాంతి ఎందుకు అవసరమో, నిద్ర చాలకపోతే మెదడుకు ఏమవుతుందో గంటసేపు వివరంగా చెప్పింది. పున్నారావు మర్యాదగా ఊఁ కొట్టాడు.

గంట గడిచింది. పెట్టె ఒక్క క్షణం ఆలోచించుకుంది.

"డ్రైవరు బాగా అలసిపోయాడు. ఎనిమిది గంటలు విశ్రాంతి."

గంటసేపు మాట్లాడింది తనేనని హైమవతికి అప్పుడు తట్టింది.

లారీ మెట్టు దగ్గర నిలబడి విన్న నాంచారమ్మ వసారాలో చాప పరిచి, దిండు దులిపింది. "రా తల్లీ. నువ్వు పడుకుంటే గానీ ఈయన బండి కదలదు."

"నాకు పగలు నిద్ర పట్టదమ్మా. ఆఫీసులో బోలెడు పని..."

"నువ్వు ఊఁ కొడితే చాలు," అని పక్కన చతికిలబడింది నాంచారమ్మ. "మొన్న సంతలో ఒక సొరకాయ కొన్నానమ్మా. లేతదనుకున్నాను..."

"ఊఁ," అంది హైమవతి.

ఇరవై ఆరేళ్ళు ఒక మనిషిని మెలకువగా ఉంచిన మాటలవి. సొరకాయలో గింజలు ఇంకా బయటపడలేదు, ఊఁ ఆగిపోయింది.