ఐసు ఫ్యాక్టరీ మీద తాళ్ళ కెమెరా

హార్బరు వెనక మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ఉందే... దీపాలు పెట్టే వేళ దాటితే అటు ఎవరూ వెళ్ళేవారు కాదు. నడిసముద్రంలో తుఫానుకి బెదరని మొనగాళ్ళు కూడా ఆ గోడ దగ్గరికొచ్చేసరికి రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేవారు.

లోపల పోతమ్మ ఉంది — అనేవారు.

పోతమ్మ ఆ ఫ్యాక్టరీలో ఐసు కొట్టే మనిషి. ఒక వానాకాలం డాబా మీద నీళ్ళ టాంకు దగ్గర కాలు జారి పడి చచ్చిపోయిందిట. తర్వాత ఫ్యాక్టరీ మూసేశారు. అయినా చీకటి పడితే చాలు, పైనుంచి చప్పుడు — ఠక్... ఠక్... ఠక్... ఐసుదిమ్మ పగలగొడుతున్నట్టు. మిషన్లు లేవు, కరెంటు లేదు. మరి ఐసెక్కడిది?

ఈ సంగతి నాకు చెప్పింది నూకాలు మావ. జరిగింది ఆయనకే.

2009 డిసెంబరు. ఫ్యాక్టరీ పక్క మైదానంలో ఒక టీవీ చానెలు వాళ్ళు పెద్ద ప్రోగ్రాం పెట్టారు. పాటలు, డాన్సులు, ఇరవై వేల మంది జనం... అంతా లైవు. దానికోసం మా పేటలో ఎవరూ ఎన్నడూ చూడని వస్తువొకటి తెచ్చారు. తాళ్ళ మీద ఎగిరే కెమెరా!

నాలుగు మూలలా నాలుగు పొడుగాటి స్తంభాలు. ఒక్కోదాన్నించి ఒక్కో సన్నటి తాడు. నాలుగూ కలిసేచోట గాల్లో కెమెరా. కింద మోటార్లు ఒక తాడు వదులుతూ ఒక తాడు లాగుతూ ఉంటే, అది గద్దలా జనం నెత్తిమీద తిరుగుతుంది. కంప్యూటరు ముందు కూర్చుని దాన్ని నడిపేది సుమంత్ అని మధురవాడ ఇంజనీరు.

తాళ్ళు కట్టడానికి నూకాలు మావనీ, ఆయన బావమరిది నాగబాబునీ పిలిచారు. బోటు కొయ్యలెక్కి ముడులేసే చేతులు కదా!

చిక్కల్లా ఒకటే. మైదానం చిన్నది. నాలుగో స్తంభం ఫ్యాక్టరీకి అవతల నిలబెట్టాల్సొచ్చింది. అంటే ఆ మూల తాడు సరిగ్గా పోతమ్మ డాబా మీంచి పోతుంది.

ప్రోగ్రాం ముందురోజు రాత్రి ఏడున్నరకి రిహార్సలు. స్టేజీ నుంచి ఫ్యాక్టరీ గోడ దాకా పొడుగ్గా చెక్కలు పరిచారు. దాని మీద మా పేట ఆడపిల్లలు ఇరవై మంది డాన్సు. అందులో మావ కూతురు ఆశ కూడా ఉంది. నాలుగో తరగతి. కెమెరా వాళ్ళ మీంచి రయ్యిమని గోడ వైపు వెళ్ళింది...

ఆగిపోయింది.

మోటార్లు మూలుగుతున్నాయి. కెమెరా కదలదు. అందరూ తలెత్తి చూశారు. డాబా మీద, తాడుకి ఏదో చుట్టుకుని ఉంది. తెల్లగా. కొంగులా ఊగుతోంది.

ఠక్... ఠక్...

పిల్లలు కెవ్వుమని స్టేజీ కిందకి దూరారు.

"అటు కెమెరా రాకపోతే ఆ పిల్లల ఐటెమ్ తీసేయండి," అని మైకులో డైరెక్టరు గొంతు. "రిహార్సలు కానిది రేపు లైవులో పెట్టను."

ఫ్యాక్టరీ గేటుకి తాళం. తాళంచెవి ఉన్నాయన తెల్లారితే గాని రానన్నాడు. గోడ దూకడానికి ఒక్కడూ ముందుకి రాలేదు. మావ కూడా రాలేదు — అది ఆయనే ఒప్పుకున్నాడు.

ఆశ గజ్జెలు ఘల్లుఘల్లుమంటూ వచ్చి మావ లుంగీ పట్టుకుంది.

"నాన్నా... మాది తీసేత్తారేటి?"

మావ పిల్ల మొహం చూశాడు. పైకి చూశాడు. మళ్ళీ పిల్ల మొహం చూశాడు.

"సుమంత్ బాబూ, కెమెరా ఇప్పేసి దాని జాగాలో నన్ను కట్టండి."

"బావా! నీకు పిచ్చేటి?" అన్నాడు నాగబాబు.

"కిందనుంచెల్తే కదరా పోతమ్మ అడ్డం. నాను పైనుంచెల్తాను."

"మనుషుల్ని ఎక్కించకూడదన్నా," అని సుమంత్ ఎంత మొత్తుకున్నా వినలేదు. చివరికి రెండు ఇసక బస్తాలు కట్టి అటూ ఇటూ తిప్పి, నెమ్మదిగా లాగితే ఆ మూల తాడు కొంచెం కొంచెంగా వస్తోందని తేలాక గాని సుమంత్ ఒప్పుకోలేదు. ఉయ్యాల పలక లాంటిది ఒకటి బిగించి, మావని నడుముకీ తొడలకీ పట్టీలేసి కట్టారు. భుజానికి వాకీటాకీ. మొలలో వలలు కోసే కత్తి.

మోటారు గుర్రుమంది.

"ఓలమ్మో..."

మావ లేచాడు! కాళ్ళ కింద మైదానం గిర్రున తిరిగింది. ఒక నిమిషం కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు... అంతే, నవ్వు ఆగలేదు.

"ఒరే నాగబాబూ! హార్బర్లో సిప్పులన్నీ కనబడతన్నాయిరా! స్టీలుప్లాంటు కాడ ఆకాసం ఎర్రగా ఉంది! మనిల్లు కనబడతంది! మీ అక్క సేపలు ఏపుతంది!"

"అంత దూరం నుంచి ఏటి కనబడుద్ది బావా?"

"వాసనొత్తందిరా!"

కింద పిల్లలు చప్పట్లు కొడుతూ ఆయన నీడ వెనక పరుగెత్తారు. గోడ వచ్చింది. పిల్లలు ఆగిపోయారు.

మావ గోడ దాటాడు.

లైట్లు వెనకపడిపోయాయి. చల్లగా... చొక్కాలోకి ఎవరో చెయ్యి పెట్టినట్టు చల్లగా. కాళ్ళ కింద నల్లటి డాబా.

ఠక్...

"అన్నా, ఇంకో రెండు గజాలు," అంది వాకీటాకీ.

"బాబూ... నెమ్మది..."

ఠక్... ఠక్...

తెల్లటిది దగ్గరికొచ్చింది. గాలికి ఇటు తిరిగింది.

దానికి మొహం ఉంది.

ఇంత పెద్ద మొహం. ఒక్కటే కన్ను. ఎర్రటి పెదాలు. నవ్వుతోంది!

మావ అరిచిన అరుపు వాకీటాకీ అక్కర్లేకుండానే మైదానమంతా వినిపించింది. అక్కడ సుమంత్ చెయ్యి కంగారులో ఒక బటన్ బదులు ఇంకోటి నొక్కింది. మావ వెళ్ళి నేరుగా ఆ మొహాన్ని కావలించుకున్నాడు.

ప్లాస్టిక్కు వాసనేసింది.

మొహం పక్కన అక్షరాలున్నాయి. తరుగు లేదు, మజూరీ లేదు...

ఏ తుఫానుకో ఎగిరొచ్చిన నగల షాపు ఫ్లెక్సీ! దాని చెక్క ఒకటి ఖాళీ టాంకుకి కొట్టుకుని ఇన్నాళ్ళూ ఠక్ ఠక్. మిగతా గుడ్డ ఇవాళ ఊడొచ్చి తాడుకి చుట్టుకుంది.

మావకి నవ్వు మొదలైంది. నవ్వుతూనే కోశాడు. నవ్వుతూనే ముక్కలు కిందకి విసిరాడు.

"పోతమ్మ కాదురా! నగలేసుకున్న బొమ్మరా! బేగి లాగండి నన్ను!"

లాగారు. నాగబాబు ఆయన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. కెమెరా మళ్ళీ బిగించారు, పిల్లలు స్టేజీ ఎక్కారు, రిహార్సలు అయిపోయింది.

మర్నాడు ప్రోగ్రాం అదిరింది. కెమెరా చుక్కల్లోంచి దిగినట్టు దిగి ఆశ మొహం మీదకొచ్చింది. ఇరవై అడుగుల తెర మీద ఇరవై అడుగుల ఆశ! జనం ఈలలు. చిలకమ్మత్త — మావ పెళ్ళాం — కుర్చీ ఎక్కి నిలబడి, "అది నా గుంటే! నా గుంటే!" అని ఊరందరికీ చెప్పింది.

పదిన్నరకి జనం ఖాళీ అయ్యారు. కుర్చీలు సర్దుతున్నారు. సుమంత్ మావని పిలిచాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"నూకాలన్నా... నువ్వెంత బరువుంటావు?"

"యాబై నాలుగు. మొన్నే ఆస్పత్రిలో సూసారు. ఏం బాబూ?"

"తాళ్ళ మీద ఎంత బరువుందో ఈ కంప్యూటర్లో కనబడుతుంది. నిన్న నువ్వు వెళ్ళేటప్పుడు యాభై నాలుగే." గొంతు తగ్గించాడు. "డాబా మీంచి వెనక్కొచ్చేటప్పుడు... నూట ఆరు."

"ప్లెక్సీ బరువేమో."

"ఫ్లెక్సీ అంతా కిందే పడేశావు కదన్నా."

మావ నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"మరి నిన్ననే సెప్పలేదేటి?"

"గాల్లో ఉండగా చెప్తే పట్టు వదిలేస్తావని. నువ్వు దిగాక సున్నా రావాలి... యాభై రెండు చూపించింది. మిషను పాడైందనుకుని సరిచేశాను. మళ్ళీ యాభై రెండే. కెమెరా నలభై కేజీలు. ఇవాళ షో అంతా తొంభై రెండు."

మావ తాళ్ళ వైపు చూడకుండా అడిగాడు.

"అయితే... ఎక్కడ దిగింది?"

సుమంత్ కంప్యూటరు తెర మావ వైపు తిప్పాడు.

తొంభై రెండు.

ఇద్దరూ నెమ్మదిగా తలెత్తారు. ఖాళీ మైదానం నడిమధ్య, అంత ఎత్తున, కెమెరా ముందుకీ వెనక్కీ ఊగుతోంది... గాలి లేదు. స్టేజీ మీద జెండా గుడ్డ కూడా కదలట్లేదు. మోటార్లు ఎప్పుడో ఆపేశారు.

సుమంత్ చేతిలో వాకీటాకీ గరగరమంది.

ఆడగొంతు. గుసగుసగా. నవ్వు ఆపుకుంటూ —

"ఓలమ్మ... ఇంకోపాలి తిప్పండ్రా..."