గుట్ట మీద లేని మడత

దేవకుమారికి కోపం వస్తే ముందు ముక్కు ఎర్రబడుతుంది, తర్వాత మాటలు మానేస్తుంది. ఆ రోజు కాలేజీ బస్సు గుంటూరు పొలిమేర దాటకముందే ఆ రెండూ జరిగిపోయాయి.

కారణం పక్క సీట్లో ఉన్న ఇమ్మానియేలు. మనవాడు ఆకలికి ఆగలేక నాలుగు మిరపకాయ బజ్జీలు కొనుక్కున్నాడు. వాటిని సీటు మీదున్న ఓ కాగితంలో పెట్టుకుని కమ్మగా తింటున్నాడు. పనికిరాని జిరాక్సు అనుకున్నాడు పాపం.

"అది మనం కొలవాల్సిన గుట్ట మ్యాప్" అంది దేవకుమారి.

అతను ఆఖరి బజ్జీ పైకెత్తి చూశాడు. సరిగ్గా గుట్ట ఉండాల్సిన చోట నూనె మరక తేలింది.

"గుట్ట ఎక్కడుందో ఇప్పుడు బాగా తెలుస్తోంది" అన్నాడు.

అంతే, క్యాంపు ఉన్న దర్శి వచ్చేదాకా ఆమె కిటికీ వైపు నుంచి మొహం తిప్పలేదు.

డిగ్రీ ఆఖరి ఏడాది జియాలజీ వాళ్లకి అది వారం రోజుల ఫీల్డ్ క్యాంప్. సిద్దికా మేడం రోల్ నంబర్ల ప్రకారం ఇద్దరిద్దరిని జట్లు చేసి, జట్టుకో గుట్ట ఇచ్చారు. గుట్ట మీది రాతి పొరలు ఏ దిక్కుకు సాగుతున్నాయో దిక్సూచితో కొలవాలి, మ్యాప్ గీయాలి, మేడం ముందు నిలబడి చెప్పాలి. మిగతా వాళ్లకి అవి మార్కులు. దేవకుమారికి మాత్రం అది బతుకు సమస్య.

వాళ్ల నాన్న ఫిలిప్ అద్దంకిలో బడి మాస్టారు. ఎండలో గుట్టలెక్కే చదువు కూతురికెందుకని ఆయన బాధ. బీఈడీ చేస్తే కళ్ల ముందే ఉంటుంది కదా అని ఆశ. ఆర్నెల్లు వాదించాక ఒక ఒప్పందానికి వచ్చారు. క్యాంపులో ఫస్ట్ వస్తే ఎమ్మెస్సీ, రాకపోతే నోరెత్తకుండా బీఈడీ. రాళ్లంటే ప్రాణం పెట్టే పిల్ల, ఏం చేస్తుంది, సరేనంది.

మొదటి రోజు ఆమె కొలిచి అంకె చెప్పేది, అతను పదడుగుల దూరంలో బండ మీద కూర్చుని రాసుకునేవాడు. అంకెలు తప్ప ఇద్దరి మధ్యా మాటల్లేవు.

రెండో రోజు గాలి తిరిగింది. గుట్ట కింద కళ్లంలో ఎర్రగా ఆరబోసిన మిరపకాయల ఘాటంతా పైకి కొట్టింది. దేవకుమారికి దగ్గు ఆగలేదు, కళ్లనిండా నీళ్లు. సీసాలో చుక్క లేదు. ఇమ్మానియేలు గబగబా దిగి కళ్లంలో ఆడవాళ్లనడిగి సీసా నింపుకొచ్చాడు. ఆమె తాగి తేరుకున్నాక సంచిలోంచి ఓ కాగితం తీసి ఇచ్చాడు. పొద్దున్నే లేచి, పక్క జట్టు ఇషాక్ దగ్గర అన్ని గుట్టలూ ఉన్న మ్యాప్ అడిగి తీసుకుని, గీతగీతా చూసి గీసిన కొత్త మ్యాప్. ఒక్క మరక లేదు.

ఇక ముక్కు ఎర్రగా ఎలా ఉంటుంది? వేరే సీటు దొరక్క ఈ కోర్సులో చేరానని, ఆమె క్లాసులో అడిగే ప్రశ్నలు విని విని రాళ్ల మీద ఇష్టం పుట్టిందని అతను చెప్పాడు. నాన్నతో చేసుకున్న ఒప్పందం సంగతి ఆమె చెప్పింది. అప్పటిదాకా ఆ మాట స్నేహితురాళ్లకు కూడా చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం నుంచి అతను బండ మీద కూర్చోవడం మానేశాడు. పక్కన నిలబడి రాసేవాడు. మూడో రోజుకి భుజం దగ్గరికి వచ్చేశాడు. ఆమె పొమ్మనలేదు, ఎందుకంటే ఆమెకూ బాగుంది.

నాలుగో రోజు దేవకుమారి మ్యాప్ చూసి ఎగిరి గంతేసింది. మొదటి రోజు ఉత్తరానికి పోయిన పొరలు రానురాను తూర్పుకి తిరుగుతున్నాయి. అంటే గుట్టలో పొరలు వంగిన మడత ఉందన్నమాట! సీనియర్లెవరికీ దొరకని మడత. ఫస్ట్ ఖాయం. ఇమ్మానియేలు వెంటనే నమ్మేశాడు. గుట్ట గాల్లో తేలుతోందని ఆమె అన్నా నమ్మే స్థితిలో ఉన్నాడు.

ఆరో రోజు, బస చేసిన బడి వరండాలో అందరి ముందూ సిద్దికా మేడం ఆ మ్యాప్ పరిచారు. ఇరవై ఏళ్లుగా ఆ గుట్ట ఎక్కుతున్నానని, అక్కడ మడత లేదని నెమ్మదిగా చెప్పారు. ఈ అంకెలు తప్పన్నారు. దేవకుమారి మ్యాప్ మీదికి వంగి అంకెలు మళ్లీ చూసుకుంది.

"నేనే తప్పు రాశానండి మేడం. తను సరిగ్గానే చెప్పింది" అన్నాడు ఇమ్మానియేలు.

ఊరుకుంటే ఆమె గండం గట్టెక్కేది. ఊరుకోలేదు. "లేదండి. తను సరిగ్గానే రాశాడు. కొలిచింది నేను" అంది.

మేడం ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. ఆవిడ చూపు అతని బెల్టుకు వేలాడుతున్న, రాళ్లు కొట్టే ఇనప సుత్తి మీద ఆగింది. మొదటి రోజు ఎక్కడ నిలబడ్డావని అడిగారు. దూరంగానండి అన్నాడు. మరి మూడో రోజు అంటే సుత్తికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

క్లాసుకి అర్థమైపోయింది. ఇనుము దగ్గరికొస్తే దిక్సూచి ముల్లు పక్కకి పోతుందని మొదటి ఏడాదే చెప్తారు. దేవకుమారి రోజూ తలపిన్నులతో సహా తీసి సంచిలో వేసేది. రాసేవాడి నడుం సంగతి ఎవరికీ తట్టలేదు.

మేడం పెన్సిలుతో మ్యాప్ మీద పొరలు తిరిగిన చోట్లు చూపించారు. "ఇక్కడ మాటలు కలిశాయి. ఇక్కడికొచ్చేసరికి భుజం పక్కనున్నావు."

వరండా అంతా నవ్వింది. దేవకుమారి మాత్రం ఏడుపు ఆపుకుంటోంది. అది చూసి మేడం గొంతు తగ్గించారు. రేపు మధ్యాహ్నం బస్సు, ఈలోగా మళ్లీ కొలిచి తెస్తే చూస్తానన్నారు.

మర్నాడు పొద్దున్నే ఇమ్మానియేలు వచ్చి, తనవల్లే చెడింది కాబట్టి ఇషాక్‌ని తీసుకెళ్లమన్నాడు. ఆమె ముక్కు ఎర్రబడింది.

"నీతో మొదలుపెట్టాను, నీతోనే పూర్తిచేస్తాను. దూరంగా ఉండు, అంతే" అంది.

ముప్పై ఒక్క చోట్లు. ఆమె అంకె కేకేస్తే అతను పది గజాల అవతల నుంచి తిరిగి కేకేసి రాసుకున్నాడు. పదకొండింటికల్లా పొరలన్నీ బుద్ధిగా ఉత్తరానికి తిరిగాయి. మడత మాయమైంది.

మేడం స్వయంగా గుట్టెక్కి వచ్చారు. రెండు మూడు చోట్ల తన దిక్సూచి పెట్టి చూశారు. ఏటా ఎవరో ఒకరు తప్పు కొలుస్తారని, మళ్లీ ఎక్కి దిద్దుకున్నది వీళ్లేనని, ఫస్ట్ వీళ్లదేనని చెప్పారు. తప్పు ఎందుకు జరిగిందో రిపోర్టులో మాత్రం దాచకుండా రాయమని చెప్పి దిగిపోయారు.

దేవకుమారి అక్కడే కూర్చుని రిపోర్టు రాయడానికి కాగితం తీసింది. ఎమ్మెస్సీ! ఇమ్మానియేలు ఇంకా పది గజాల అవతలే నిలబడి, ఆమె కంటే ఎక్కువగా నవ్వుతున్నాడు.

"తప్పుకి కారణం ఏం రాయను?" అని అడిగింది.

"సుత్తి అని రాయి."

"మా నాన్న మాస్టారు. ప్రతి లైనూ చదువుతాడు. సుత్తి దానంతటది నడిచొచ్చిందా అంటాడు."

అతను నోట్‌బుక్ మూశాడు. కింద కళ్లంలో ఆడవాళ్లు పని ఆపి పైకి చూస్తున్నారు. ఆ దూరం నుంచి మెల్లగా చెప్తే వినపడదు మరి, కేకేసే చెప్పాడు.

"నీ పక్కన నిలబడాలనిపించింది, అందుకే వచ్చానని రాయి. ఇప్పుడూ అనిపిస్తోంది, ఎప్పుడూ అనిపిస్తుంది. మీ నాన్నగారు అడిగితే అద్దంకి వచ్చి నేనే చెప్తాను."

దేవకుమారి దిక్సూచి మూత పెట్టలేదు. ముల్లు ఉత్తరం మీద కదలకుండా ఉంది.

"సుత్తి అక్కడ పెట్టి రా" అంది.