పిలుపుల గడ్డ

నాందేడ్ నుంచి గోదావరి వెంట కిందికి పోతే, ఉమ్రి వైపు ఒడ్డుకు కాస్త ఇవతల, నది మధ్యలో ఒక మట్టిదిబ్బ ఉంటుంది. దాని మీద నాలుగు తుమ్మచెట్లు, కొంచెం రెల్లుగడ్డి తప్ప ఏమీ లేవు. మరాఠీ వాళ్లు దాన్ని హాకేచం బేట్ అంటారు. మన తెలుగువాళ్లు పిలుపుల గడ్డ అంటారు. పగలైతే దాని పక్కనే వలలు వేస్తారు గానీ, పొద్దు గూకిందంటే అటువైపు ముఖం కూడా తిప్పరు.

నదిలో నీళ్లు దిగిపోయిన రాత్రి ఆ గడ్డ దగ్గర్నుంచి ఎవరో పిలుస్తారట... పేరు పెట్టి. బతిమాలుతూ. పొరపాటున పలికారా — అంతే. కాళ్లు వాటంతట అవే బురదలోకి నడుస్తాయట.

నా పేరు వెంకట్రాములు. నీళ్ల మోటార్ల దుకాణం నాది. ఆ ఒడ్డు రైతులు పైపుల కోసం వచ్చి చాయ్ తాగుతూ ఈ కథ చెబుతుంటే చెవి కోసుకునేవాణ్ణి. తర్వాత నా ఉప్పూకారం నేను కలిపి ఇంకొకరికి చెప్పేవాణ్ణి. ఆ గడ్డ ఎంతమందిని మింగిందయ్యా అంటే లెక్కలేనంతమందిని అంటారు. ఒక్కరి పేరు చెప్పమంటే మాత్రం చాయ్ గ్లాసులోకి చూస్తారు. నేనూ గట్టిగా ఎప్పుడూ అడగలేదు. కథ బాగుంటే చాలు కదా మనకు!

మా అక్క కొడుకు కైలాశ్‌కు నాందేడ్‌లోనే బట్టల దుకాణం ఉంది. వాడి భార్య ప్రతీక్ష బడిలో సైన్సు చెబుతుంది. మొన్న ఫిబ్రవరిలో వాడికో పిచ్చి పట్టింది. గాలి కొడితే ఉబ్బే ఇద్దరు పట్టే పడవ తెప్పించాడు. కయాక్ అంటారట. శనివారం దాంట్లో తెడ్డు వేసుకుంటూ నది మీద పోతారట. రాత్రి గడ్డ మీద డేరా వేసి, ఆదివారం పడవ గాలి తీసి వీపున వేసుకుని, ఒడ్డు వెంట నడిచి ఉమ్రిలో రైలెక్కుతారట. దారి చూపే మనిషి కూడా వద్దట, ఫోన్లో మ్యాప్ ఉందట.

"ఏ గడ్డ మీద పంటర్రా మీరు?" అని అడిగాను.

వాడు మ్యాప్ చూపించాడు. పిలుపుల గడ్డే! ఇక నేను ఊరుకుంటానా? పిలుపుల గడ్డ కథంతా మొదటి నుంచి చివరి దాకా, గొంతు మార్చి మరీ చెప్పాను. ప్రతీక్ష పడీపడీ నవ్వింది.

"మామా, దెయ్యానికి మా పేర్లెట్ల తెలుస్తయి? ఆధార్ కార్డు చూస్తదా?"

నేను కూడా నవ్వాను. ఇక్కడి నుంచి అంతా ప్రతీక్ష నాతో చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను. ఉప్పూకారం ఏమీ కలపడం లేదు.

* * *

సాయంత్రం దాకా అంతా బాగానే జరిగింది. గడ్డ చేరారు, పడవను తుమ్మచెట్టుకు కట్టారు, ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టె, పల్లికారం తిన్నారు. డేరా పక్కనే నీళ్లు ఒడ్డును తాకుతున్న చప్పుడు వింటూ తొందరగానే పడుకున్నారు.

పదిన్నరకు ప్రతీక్షకు మెలకువ వచ్చింది. ఎందుకు లేచిందో ముందు ఆమెకు అర్థం కాలేదు. కాసేపటికి తెలిసింది... నీళ్ల చప్పుడు లేదు. చెవులు మూసేసినట్టుంది.

డేరా తలుపు తీసి ఫోన్ టార్చి వేసింది.

నది లేదు.

కింద నీళ్లు ఆపే బంధారా తలుపులు ఎత్తేశారు. చెట్టుకు కట్టిన పడవ బురద మీద కూర్చుని ఉంది. ఒడ్డు రెండు వందల అడుగుల దూరం కూడా ఉండదు. మధ్యలో మాత్రం ఇటు నుంచి అటు దాకా నల్లగా మెరుస్తూ ఒండ్రు.

అప్పుడే ఫోన్‌కు ఒక్క క్షణం సిగ్నల్ వచ్చింది. దాంతోపాటు ఎవరో గ్రూపులో పెట్టిన హెచ్చరిక కూడా వచ్చింది. తెల్లారి అయిదింటికల్లా పై నుంచి నీళ్లు వస్తాయి, నదిలో ఎవరూ ఉండొద్దు... ఆమె వెంటనే 112 కొట్టింది. మోగకముందే సిగ్నల్ పోయింది. మళ్లీ రాలేదు.

"ఏం కాదు ప్రతీ," అన్నాడు కైలాశ్. "మోకాళ్ల దాక ఉంటది, అంతే. ఒడ్డుకు పొయ్యి ఎవలనన్న తీస్కొస్త."

మొదటి అడుగుకు పాదం మునిగింది. అయిదో అడుగుకు పిక్క మునిగింది. పదో అడుగు వేశాడు... నడుము దాకా దిగిపోయాడు.

"ప్రతీ..." అన్నాడు చాలా మెల్లగా. "కిందికి గుంజుతున్నదే."

ఆమె పడవను విప్పి బురద మీదికి తోసి, దాని మీద బోర్లా పడుకుని చేతులతో నెట్టుకుంటూ వాడి దాకా వెళ్లింది. వాడు ఛాతీ పడవ మీద ఆనించి పట్టుకున్నాడు. దిగడం ఆగింది. కానీ పైకి రాడే! చంకల కింద చేతులు వేసి భుజాలు ఊడిపోయేలా లాగింది. పడవ జారుతోంది గానీ వాడు జానెడు కూడా కదలడం లేదు.

టార్చి తిప్పి తుమ్మచెట్ల వైపు చూసింది. సాయంత్రం నీళ్లు ఎక్కడి దాకా ఉన్నాయో మొదళ్ల మీద తడి గీత కనిపిస్తోంది. ఆ గీత కైలాశ్ తల కంటే రెండు జానల పైన ఉంది. అయిదింటికి నీళ్లు వస్తే పడవ తేలుతుంది. కైలాశ్ తేలడు. ఇద్దరికీ ఆ సంగతి తెలిసింది, ఇద్దరూ దాని గురించి మాట్లాడలేదు.

* * *

పదకొండింటికి పొలాలకు కరెంటు వచ్చింది. నది అంచున మోటార్లు నీళ్లందక గాలి పీలుస్తూ అరవడం మొదలుపెట్టాయి. కాసేపటికి ఒడ్డు మీద రెండు టార్చి లైట్లు కనిపించాయి. మనుషులు!

"వాచవా హో! దాదా! వాచవా!" అని మరాఠీలో అరిచింది ప్రతీక్ష. తర్వాత తెలుగులో. "అన్నా! గిటు రాండ్రి! కాపాడుండ్రి!"

లైట్లు ఆగాయి. ఒకరి తర్వాత ఒకరు మోటార్లు ఆపేశారు. నీళ్లు లేని నది మీద రాత్రిపూట గుసగుస కూడా స్పష్టంగా వినిపిస్తుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

"ముత్తన్నా... ఆడమనిషి గొంతురా."

"పలక్కు! సూర్యకాంత్, నీ కాళ్లు మొక్కుత, పలక్కు."

దూరంగా ఉండి కనిపించడం లేదేమో అనుకుని ఆమె ఫోన్ లైటు చెయ్యెత్తి ఊపింది. అదే కొంప ముంచింది.

"అమ్మో... కొరివిదెయ్యం!"

లైట్లు ఎగిరెగిరి పడుతూ పొలాల్లోకి పోయాయి. మోటారుసైకిలు చప్పుడు ఊరి దాకా వినిపించి ఆగిపోయింది.

ఆ తర్వాతి వారం ఈ ముత్తన్నే నా దుకాణానికి వచ్చాడు. పిలుపుల గడ్డ మీద ఈసారి ఆడదెయ్యం లేచిందనీ, చేతిలో కొరివి పట్టుకుని తనను పేరు పెట్టి పిలిచిందనీ రొమ్ము విరుచుకుని చెప్పాడు. నా దుకాణంలో ఆ రోజు అతనికి చాయ్ దొరకలేదు.

పన్నెండు దాటాక మళ్లీ నలుగురు వచ్చారు. ఒడ్డుకు దగ్గరగా రాలేదు. ప్రతీక్ష ఈసారి లైటు ఆర్పేసి బతిమాలింది. "అన్నా, నీ చెల్లెలసొంటిదాన్ని. మా ఆయన దిగబడ్డడు. నీ కాళ్లు మొక్కుత..." వాళ్లలో ఎవరో ఏడవడం వినిపించింది, భయంతో. ఆమెకు చిన్నప్పుడు వాళ్ల నానమ్మ చెప్పింది గుర్తొచ్చి, గట్టిగా ఆంజనేయుడి పేరు తలిచింది. దెయ్యాలు ఆ పేరు పలకలేవు కదా!

ఒడ్డు మీద గుసగుస. "దేవుని పేరు గూడ చెప్తున్నదిరా. మస్తు ముదిరింది."

వాళ్లూ వెళ్లిపోయారు. కైలాశ్‌కు నవ్వు వచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది.

"ప్రతీ, ఆ కథల దెయ్యం మనమేనే."

ఒంటిగంట. రెండు. ఫోన్ ఆరిపోయింది. చలికి కైలాశ్ పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. నడుము కింద కాళ్లు ఉన్నట్టే తెలియడం లేదన్నాడు. మాట ముద్దముద్దగా వస్తోంది. ప్రతీక్ష తన శాలువా వాడి చుట్టూ చుట్టి, వాడు నిద్రపోకుండా చెంపలు తడుతూనే ఉంది.

మూడింటికి వాడు అన్నాడు, "నీళ్లొస్తె నన్ను ఇడిసిపెట్టు. పడవ తీస్కొని పో. అమ్మకు... నువ్వే చెప్పాలె."

ఆ మాటకు ప్రతీక్ష ఒళ్లు మండిపోయింది. వాడి మీద కాదు. చీకట్లో దీపాలు ఆర్పుకుని, చెవులు మూసుకుని పడుకున్న ఆ ఊరి మీద. పడవ మీద మోకాళ్లపై లేచి గొంతెత్తింది.

"ఓ దొంగ సచ్చినోళ్లారా! నోట్లె మన్నుగొట్టుకున్నర్రా అందరు? మీ మొఖాలు మండ! మీ మోటర్లు కాలిపోను! దెయ్యమంటార్రా నన్ను? దెయ్యాన్నే అయితె మీ ఇంటికొచ్చి గొంతు పిసుకకపోదునార్రా! ఈ బురదల సలికి సచ్చుకుంట, మీసొంటి ఆడంగి నాయాండ్లను అన్నా అన్నా అని పిలుద్దునార్రా!"

ఇంకా చాలా తిట్టిందట. మా అక్క దగ్గర నేర్చుకున్నవి కొన్ని, బడిపిల్లల దగ్గర విన్నవి కొన్ని. మధ్యలో మరాఠీవి, ఉర్దూవి కూడా వచ్చాయట. అవి ఇక్కడ రాయలేను. ఊపిరి అందక ఆగింది.

ఒడ్డు చివర ఇంట్లో బల్బు వెలిగింది.

"ఎవల పిల్లవే నువ్వు?"

ఆడమనిషి గొంతు. ఆ రాత్రి అటు నుంచి వచ్చిన మొదటి పలుకు అది.

"నాందేడ్... నాందేడ్ అమ్మా. మా ఆయన దిగబడ్డడు."

"ఎంత దాక?"

"నడుము దాక."

ఈమె కూడా వెళ్లిపోతుందేమోనని ప్రతీక్ష మళ్లీ అరవబోయింది.

"కదలకుండ్రి. అస్తున్న."

* * *

ఆమె పేరు లీలాబాయి. యాభై దాటి ఉంటాయి. ఒక బర్రె, రెండు మళ్ల వంకాయ తోట, ఒంటరి బతుకు. చీర గోచీ బిగించి, నెత్తి మీద జొన్నచొప్ప కట్టలు మోసుకుంటూ వచ్చింది. ఒక కట్ట బురద మీద పరిచి దాని మీద పాక్కుంటూ వచ్చి, ముందు ఇంకొకటి పరిచింది. వెనక్కి పోయి మళ్లీ తెచ్చింది. ఎన్నిసార్లు తిరిగిందో ప్రతీక్ష లెక్కపెట్టలేదు. ఎక్కడా ఆగలేదు, ఏ కట్ట ఎక్కడ వేయాలో ఒక్కసారి కూడా తడుముకోలేదు. రోజూ చేసే పనిలా చేసుకుంటూ వచ్చింది.

కైలాశ్ దగ్గరికి వచ్చాక చుట్టూ చొప్ప పరిచి, తట్టతో బురద తోడింది. గుంటలో నిలిచిన నీళ్లు తెచ్చి వాడి తొడల వెంట పోసింది.

"గుంజకు బిడ్డా. గుంజితె ఇంక వట్టుకుంటది. కాలు ఆడియ్యి... సన్నగ. గట్లనే... నీళ్లు లోపలికి పోనియ్యి."

ఒక కాలు వచ్చేసరికి గంట పట్టింది. రెండో కాలు వస్తుండగా నది పై నుంచి సన్నగా ఒక హోరు మొదలైంది. ముగ్గురిలో ఎవరూ అటు చూడలేదు. కైలాశ్‌ను చొప్ప మీద బోర్లా వేసి, ఇద్దరు ఆడవాళ్లు చెరో చెయ్యి పట్టుకుని ఒడ్డు దాకా ఈడ్చుకొచ్చారు. వాళ్లు గట్టు ఎక్కేసరికి వెనకాల నీళ్లు వచ్చేశాయి. కట్టలన్నీ తేలి కొట్టుకుపోయాయి, పడవతో సహా.

లీలాబాయి వాకిట్లో పిడకల మంట వేసి, కైలాశ్ పాదాలు ఒడిలో పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది. తూర్పున తెల్లబడుతోంది. ప్రతీక్షకు ఏడుపు ఆగడం లేదు.

"ఊరంత భయపడ్డది అమ్మా. నీకు భయం కాలేదా?"

"అయింది. నువ్వు బతిమాలినంత సేపు నేను గూడ చెవులు మూస్కొనే పన్న. తిట్టినంక లేచిన. దెయ్యమయితె గట్ల తిట్టదు గద."

కొంచెం సేపు పాదాలు రుద్దింది. మళ్లీ మాట్లాడినప్పుడు ప్రతీక్ష వైపు చూడలేదు, నీళ్లు నిండిన నది వైపు చూసింది.

"పదకొండేండ్లాయె బిడ్డా. మా ఆయన సీతారాం. నాయ్‌గావ్ బజారుకు పోయిండు. వచ్చేటప్పుడు నీళ్లు దిగి ఉన్నయని అడ్డం పడి ఇంటికి నడిచిండు. ఆ గడ్డ దగ్గర్నుంచి పిలిచిండు... లీలా, లీలా అని. లేవబోయిన. మా అత్త నా నోరు గట్టిగ మూసి పట్టింది. వాడు మనోడు కాదే, దెయ్యం వాని గొంతు తొడుక్కొని వచ్చింది అన్నది. కన్నతల్లి! తెల్లారి నీళ్లొచ్చినయి. మనిషి దిగబడ్డడని ఊళ్లె ఎవలు ఒప్పుకోలే. ఆ గడ్డకు పేరు వెట్టి ఊకున్నరు."

"అమ్మా..."

"అప్పటి సంది పన్నప్పుడల్లా మనసుల ఆ బురద మీద చొప్పకట్టలు పరుసుకుంటనే ఉన్న నేను."

మంటలో పిడక విరిగింది. లీలాబాయి కైలాశ్ పాదాలను రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"ఆయన మస్తు మంచోడు బిడ్డా. ఎన్నడు ఎవల్ని ఒక మాట అని ఎరుగడు. తెల్లారే దాక బతిమాలిండు. ఒక్క తిట్టన్న తిట్టలే..."