నూకరత్నం చెక్కిన గుల్లమారి

తూర్పు సముద్రపు ఒడ్డున తరంగపురి అనే రాజ్యం ఉండేది. హేమలాదేవి అనే రాణి దాన్ని చల్లగా పాలించేది. ఒకనాటి ఉదయం ఆ రాజ్యపు సముద్రం ఆగిపోయింది. అల లేదు, ఆటుపోటు లేదు. వేటకు వెళ్లిన పడవలు ఎక్కడివక్కడే నిలిచిపోయాయి. తెడ్డు వేస్తే జానెడు కూడా కదలడం లేదు. ఒడ్డున ఆడవాళ్లు గుండెలు చిక్కబట్టుకుని తమవాళ్ల కోసం చూస్తున్నారు.

మధ్యాహ్నానికి ఒక ముసలి తాబేలు కబురు తెచ్చింది. సముద్రగర్భంలో జలకంఠుడనే రాక్షసుడు ఒంటరిగా పావులాట ఆడుతూ ఉంటాడు. అతడు వేసే ఒక్కో ఎత్తుకు ఒక్కో అల లేస్తుంది. వెయ్యేళ్లుగా అవే పావులతో ఆడి ఆడి విసుగుపుట్టి, అతడు ఆట మానేశాడు.

"మళ్లీ ఆడాలనిపించే కొత్త పావు తెచ్చిస్తే సముద్రం కదులుతుందట. నచ్చకపోతే తెచ్చినవాళ్లు పగడపు బొమ్మలవుతారట" అని చెప్పి తాబేలు వెళ్లిపోయింది.

ఆ ఊళ్లో లక్కబొమ్మలు చేసే అప్పలసూరి పేరు మోసిన పనివాడు. అతడు పది తలలు, ఇరవై కోరలు ఉన్న మృగాన్ని చెక్కి తీసుకెళ్లాడు. తిరిగి రాలేదు. అతని వెనక వెళ్లిన మరికొందరు పనివాళ్లూ రాలేదు. మూడోనాడు అతని పదహారేళ్ల కూతురు నూకరత్నం రాణి ముందు నిలబడింది.

"మీ అయ్య పనితనమే చాలలేదు కదమ్మా. నువ్వేం చెయ్యగలవు?" అంది రాణి.

"అయ్య చాలా బాగా చెక్కాడు, రాణీగారూ. కానీ సముద్రాన్ని చూడకుండా చెక్కాడు. నేను ముందు చూసొస్తాను."

ఉలి, నాలుగు అంకుడు కర్రముక్కలు, లక్క రంగులు మూటగట్టుకుని, సముద్రగర్భానికి దారి చూపే ముని అక్కడ ఉంటాడని విని, నూకరత్నం మడ అడవిలోకి నడిచింది. వేళ్లు కాళ్లకు చుట్టుకుంటుంటే, మోకాటి లోతు బురదలో ఒక రోజంతా నడిచింది. అక్కడ నడుము దాకా బురదలో కూర్చుని తపస్సు చేస్తున్న ఆ ముని కనిపించాడు. ఆమె గోడు విని ఆయన ఒక ఆకు తుంచి ఇచ్చాడు.

"ఇది బుగ్గన పెట్టుకుంటే మూడు పగళ్లు నీళ్లలో ఊపిరి ఆడుతుంది. ఒక్కమాట గుర్తుంచుకో తల్లీ. నిజంగా తెలుసుకోవాలని అడిగితేనే అక్కడి జీవులు పలుకుతాయి. పని గడుపుకోవడానికి అడిగితే పలకవు."

నూకరత్నం నీళ్లలోకి దిగింది. దిగీ దిగగానే చేపల గుంపును ఆపి, "నాకో కొత్త పావు కావాలి, ఎలా చెయ్యాలి?" అని అడిగింది. ఒక్క చేప కూడా పలకలేదు. ఆమె సిగ్గుపడి ఒక రాతి మీద కూర్చుని వాటిని చూడసాగింది. చూస్తూ చూస్తూ, రెండు కర్రముక్కలు చెక్కి పాడుచేసి మొదటి పగలు గడిపేసింది.

రెండో పగలు ఆ రాయే ఆమెను పట్టుకుంది! అది రాయి కాదు, రాతి రంగులోకి మారిన అష్టబాహువు. ఎనిమిది చేతులూ నడుముకు బిగుసుకున్నాయి. నూకరత్నానికి భయం వేసింది. కానీ భయాన్ని మించిన సందేహం ఆమె నోటి నుంచి వచ్చేసింది.

"ఇంత బలం ఉండి, నువ్వు ఈదకుండా పాకుతావెందుకు?"

అష్టబాహువు పట్టు సడలించింది. "ఇన్నేళ్లలో నన్ను ఎవరూ ఈ మాట అడగలేదు. నాకు మూడు గుండెలు. ఈదితే ఒకటి ఆగిపోతుంది, అలసిపోతాను. సరేగానీ, ఆ మూటలో ఏముంది?"

ఆమె ఆ ఉదయమే మూడో ముక్కతో చెక్కిన పావును చూపించింది. ఒళ్లంతా కవచం, ఎటైనా దూకగల కాళ్లు. "దీన్ని ఎవరూ పట్టలేరు" అంది గర్వంగా.

"అలాగా! మరి దీనితో ఎవరు ఆడతారు?"

నూకరత్నానికి తప్పు తెలిసింది. ఆ పావును అక్కడే వదిలేసింది.

మూడో పగలు ఇసుకలో ఒక పీత తన గుల్ల వదిలి ఖాళీ నత్తగుల్లలోకి దూరడం చూసింది. ఒక్క క్షణం దాని మెత్తని ఒళ్లు బయటపడింది.

"ఎవరైనా చూస్తే నీ పని అయిపోదూ?" అంది ఆత్రంగా.

"అయిపోతుంది. మారకపోతే ఇరుకులో నలిగిపోతాను. అందుకే వణుకుతూనే మారతాను" అంది పీత.

నూకరత్నం వెంటనే ఉలి అందుకుంది. చివరి కర్రముక్క పూర్తయ్యేసరికి బుగ్గనున్న ఆకు కరిగిపోవస్తోంది. ఆమె పరుగున, నీళ్లు చొరని జలకంఠుడి గుహ చేరింది. గుమ్మం పక్కనే పగడపు బొమ్మగా మారిన తండ్రి ఉన్నాడు. కళ్ల నీళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లి పావును బల్ల మీద పెట్టింది.

"ఇదేం జంతువు? కోర లేదు, కొమ్ము లేదు" అన్నాడు రాక్షసుడు.

"గుల్లమారి, దొరా. దీనికి సొంత ఎత్తు లేదు. ఏ పావు పక్కన నిలిస్తే ఆ పావు ఎత్తును గుల్లలా తొడుక్కుంటుంది. అయితే మారిన ఆ ఒక్క ఎత్తులో ఇది బోసిగా ఉంటుంది. ఎవరైనా పట్టేయొచ్చు."

ఆట మొదలైంది. గుల్లమారి ఏనుగై దూసుకొచ్చింది, గుర్రమై గెంతింది. జలకంఠుడు ముందుకు వంగాడు, తల గోక్కున్నాడు. చివరికి గుల్ల మారే క్షణం కోసం కాచుకుని దాన్ని పట్టేశాడు. నూకరత్నం ఓడిపోయింది. ఇక తానూ పగడమేననుకుని కళ్లు మూసుకుంది.

"ఏమ్మాయ్, కళ్లు తెరువు! పావులు సర్దు. ఇంకో ఆట!" అని గుహ దద్దరిల్లేలా కేకేశాడు రాక్షసుడు.

ఆ కేకతో పైన మొదటి అల లేచింది. పగడపు బొమ్మలన్నీ మనుషులయ్యాయి. అప్పలసూరి వచ్చి, బల్ల మీది పావును తిప్పి తిప్పి చూశాడు. "ఏటే అమ్మా ఇది? నానెప్పుడూ చూళ్లేదు!" అని కూతుర్ని గుండెకు హత్తుకున్నాడు. ఇంకో ఆట అయ్యాక గుల్లమారిని జలకంఠుడికి వదిలి, తండ్రీకూతుళ్లు మిగతావాళ్లతో కలిసి, గుహ దగ్గర నుంచే ఎత్తుకున్న కొత్త కెరటాల మీద ఒడ్డు చేరారు. నిలిచిన పడవలన్నీ అప్పటికే ఇళ్ల ముఖం పట్టాయి.

హేమలాదేవికి పిల్లలు లేరు. జరిగింది విన్నాక, సభ ముందు ఆమె నూకరత్నం చెయ్యి పట్టుకుంది.

"ఎదుటివాడికీ గెలిచే దారి ఉంచి, తన ఓటమికి సిద్ధపడిన పిల్ల ఇది. నా తర్వాత ఈ గద్దె మీద కూర్చోవలసింది ఇలాంటి మనిషే."

నూకరత్నం రాణి అయ్యాక తీర్పు చెప్పే ముందు ఇరువైపుల వాళ్లనూ అడగాల్సినన్ని ప్రశ్నలు అడిగేది. తరంగపురి ప్రజలు ఆమె నీడన చాలాకాలం కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయారు.